మొదటి కాలువలో అల్లుడు

పతకం తగిలించేటప్పుడు ఆయన కొంచెం నవ్వాడు. ఫోటోలో ఆ నవ్వు ఇప్పటికీ ఉంది. ఆయన లేడు.

రిటైరైన రాయబారి. ఎన్నో దేశాల గుట్టు కడుపులో దాచుకున్న మనిషి. ఒక క్లబ్బు హాల్లో సన్మానం చేశారు. పూలగుత్తి ఇచ్చారు, నాలుగు మంచి మాటలు చెప్పారు, ఒక అందమైన చెయ్యి ముందుకొచ్చి కోటు మీద పతకం తగిలించింది. చప్పట్లు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. తెల్లారేసరికి పెనంలా కాలిపోయింది. డాక్టర్లు రక్తం తీసి ల్యాబ్‌కి పంపారు. అందులో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో ల్యాబ్ తేల్చేసరికి రెండు రోజులు. ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు వార్డుకి వెళితే మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

జ్వరం వచ్చి పోయాడన్నారు. జ్వరం వచ్చి పోయినవాడి కోసం ఎవరూ పోలీసుల్ని పిలవరు. హత్యకి అంతకంటే మంచి ముసుగు ఎక్కడ దొరుకుతుంది?

ఆయన తర్వాత ఒక జనరల్. ఆ తర్వాత ఒక న్యాయమూర్తి. అందరికీ జ్వరమే.

"హత్యలే," అన్నాడు పెద్దాయన.

సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. అసలు పేరు ఆయన భార్యకైనా తెలిసి ఉండాలి. ఆవిడ కూడా పెద్దాయన అనే పిలుస్తుందని వదంతి. ఆఫీసు ఒక టైర్ల షాపు వెనక ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి "వెనక చక్రం ఒక్కటే చాలు, ముందుది దానంతటదే వస్తుంది" అంటే టైర్ల గోడ పక్కకి జరుగుతుంది. అనకపోతే నిజంగానే టైరు అమ్మి పంపిస్తారు.

ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ మెరుపు. ఆ పేరు అతన్ని చూడకముందు పెట్టారు. చూశాక మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. కుర్చీలో దిగితే మళ్ళీ లేవాలనిపించని శరీరం. కానీ రికార్డు మాత్రం సామాన్యమైంది కాదు. ఒకసారి మంచుకొండ మీద శత్రుదళం వెంటపడితే కోటు విప్పి దాని మీద కూర్చుని కొండ చివరిదాకా జారుకుంటూ వచ్చి, కింద టీకొట్టులో టీ తాగి, వెనక వస్తున్న వాళ్ళ లెక్కలో కూడా తలా ఒక టీ చెప్పి వెళ్ళాడట. ఇది సర్వీస్ ఫైల్లో ఉంది. ఫైలు రాసింది అతనే అనుకోండి, అది వేరే సంగతి.

అలాంటివాడికి ఒకే ఒక్క బలహీనత. సూది. తుపాకీ గొట్టంలోకి కన్నార్పకుండా చూసేవాడు సూదిమొన కనిపిస్తే గట్టిగా కళ్ళు మూసుకుని మొహం తిప్పేసుకుంటాడు.

"కందిరీగ ముఠా పని," అన్నాడు పెద్దాయన. "విదేశీ సరుకు. చచ్చిన ముగ్గురి ఛాతీ మీదా ఆవగింజంత ఎర్రమచ్చ. దేంతో గుచ్చుతున్నారో తెలీదు."

"క్రిమి ఏదో తెలిసిందిగా సార్. మందు సిద్ధం చేసుకుంటే?"

"ప్రతిసారీ మారుస్తున్నారు. జనరల్‌కి పనికొచ్చే మందు న్యాయమూర్తికి పనికిరాదు. తాళం మారిపోతుంటే పాత తాళంచెవి జేబులో పెట్టుకుని ఏం లాభం? వాళ్ళ బలం క్రిమిలో లేదు. మన ల్యాబులు తేల్చేలోపు మనిషి పోతాడు, అదే వాళ్ళ ఆయుధం."

పెద్దాయన చెవిలోని వినికిడి యంత్రాన్ని సర్దుకున్నాడు. ఆయనకి చెవుడు లేదు. అది వైర్‌లెస్ రిసీవర్.

"ఆ ఆయుధాన్ని విరగ్గొట్టే పరికరం ఒకటి తయారైంది. మైక్రోఫ్లూయిడిక్ చిప్. గోరంత గాజుపలక. రక్తంలో క్రిమి ఉందో లేదో, ఏ మందుకి చస్తుందో పూట గడవకముందే చెప్పేస్తుంది. అది ఆసుపత్రులకి చేరితే కందిరీగ కొండి ఊడినట్టే. అందుకని దాని మీద పడతారు. పగలగొడితే ఇంకోటి చేస్తాం. కాబట్టి పగలగొట్టరు. పరువు తీస్తారు. ఎలాగన్నది నువ్వు కనిపెట్టాలి. రేపే వెళ్ళు."

"చేసిందెవరు సార్?"

పెద్దాయన ఒక ఫోటో ముందుకు తోశాడు. మెరుపు చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది.

"సార్, ఈ కేసు ఇంకెవరికన్నా ఇప్పించండి. ఎక్కడన్నా మొసళ్ళ మడుగు ఖాళీగా ఉంటే నన్ను అందులో..."

"మీ అత్తగారని తెలుసు."

"ఆవిడకి నేనంటే పడదు సార్. నేను నీటి పంపులు అమ్ముకుంటూ తిరుగుతాననుకుంటోంది. పంపులు కూడా సరిగ్గా అమ్మలేననుకుంటోంది."

"అనుకోనీ. ఏసీ మెకానిక్‌గా వెళ్ళు. ఇదిగో మీసం. ఈ బూటు మడమలో వైర్‌లెస్. దాన్ని నొక్కి మాట్లాడితే తిన్నగా నా చెవిలో పడుతుంది. నా ప్రాణం మీదికి వస్తోందని తెలిస్తే ఒకే ఒక్క కోడ్‌మాట. అది వినగానే నేను ఎక్కడున్నా కొయ్యబొమ్మనైపోతాను, ఎవర్నీ ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వను."

"ఏం మాట సార్?"

"మా అత్తగారు దేవత."

మెరుపు మీసాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు. "వేరేది ఏదైనా..."

"నోరుజారి కూడా ఎవడూ అనని మాట కావాలి. నాకు ఇంతకంటే భద్రమైంది తట్టలేదు. రేపు సాయంత్రం నా రిటైర్మెంట్ సభ. ఆలోపు ఈ పని తేల్చు. నీకు తోడు కూడా ఉంది."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తర్వాత పెన్సిల్ మడమల చప్పుడు, ఆ తర్వాత మనిషి. సర్వీస్‌లో ఆమె పేరు నెమలి. ఆమె కారిడార్‌లో నడిచొస్తే మినుకుమినుకుమనే ట్యూబ్‌లైట్లు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెలుగుతాయని చెప్పుకుంటారు.

"ఇతనేనా మెరుపు?" ఆమె తలవంచి చూసింది. "ఉరుము కూడా కలిసొచ్చినట్టుందే."

"నెమలిని ఆ ల్యాబ్ రిసెప్షన్‌లో ముందే పెట్టాం," అన్నాడు పెద్దాయన.

మర్నాడు పొద్దున, అద్దాల బిల్డింగ్ రిసెప్షన్‌లో, భుజాన పనిముట్ల సంచితో, బుంగమీసంతో నిలబడ్డాడు మెరుపు. నెమలి ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి రిజిస్టర్‌లో సంతకం చేయించుకుంది. ఆ తర్వాత విజిటర్ బ్యాడ్జి తీసింది. దాని వెనక పొడుగాటి పిన్ను.

"జేబుకి నేనే పెట్టుకుంటాను," అన్నాడు మెరుపు.

"రూలు. మేమే పెట్టాలి. అంత మీసం పెట్టుకుని పిన్నుకి భయమా?"

అతను మొహం తిప్పేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ మీద చురుక్కుమంది.

"అయ్యో, తగిలిందా?" అంది నెమలి. ఆమె గొంతులో జాలి కొట్లో కొన్న ప్లాస్టిక్ పువ్వులా ఉంది.

ల్యాబ్‌లోకి రెండు దారులు. ఒకటి రిసెప్షన్ వైపు అద్దం తలుపు, చుట్టాలూ ఆఫీసర్లూ చూసిపోవడానికి. రెండోది వెనక తలుపు, పనివాళ్ళకి. దుమ్ము రేణువొక్కటి కాలువలో పడితే చిప్ పనైపోతుంది కాబట్టి వెనక తలుపు దగ్గర నేల మీద జిగురు చాప పరిచి ఉంటుంది. బూటు అడుగున అంటిన దుమ్మునంతా అది లాగేసుకుంటుంది. మన మెరుపు అందులో నిండుగా కాలు మోపాడు. చాప వదల్లేదు. అతనూ వదల్లేదు. బలంగా లాగాడు. బూటు వచ్చింది, మడమ రాలేదు. వైర్‌లెస్ అందులోనే ఉండిపోయింది.

"పైపొర ఒలిస్తే వస్తుంది. లాగితే రాదు," అంది ఒక గొంతు. "మా కోసం రెట్టింపు జిగురుతో తెప్పించుకున్నాం. ఆ మీసం కూడా దాని మీద పడేలా ఉంది, తీసి జేబులో పెట్టుకోండి అల్లుడు గారూ."

మైక్రోస్కోపు మీదినుంచి తలెత్తకుండానే అంది ఆవిడ. ఆ 'గారూ'లో గౌరవం లేదు. కొలతకి పెట్టిన రాయిలా ఉంది.

"అత్తయ్య గారూ... మీరు ఎలా గుర్తుపట్టారు?"

"నడక. మా అమ్మాయి పెళ్ళిచూపులప్పుడు కూడా ఇలాగే సోఫాని గుద్దుకున్నారు. పంపుల ఉద్యోగం పోయిందా?"

"అంటే... మారాను."

"పోయిందన్నమాట. అమ్మాయికి తెలుసా? తెలీదు. తెలిస్తే నాకు ఫోన్ చేసి ఏడ్చేది. సరే, ఏసీ అక్కడ. ఏదీ ముట్టుకోకండి. మీరు ముట్టుకున్నది ఏదీ తర్వాత పనిచెయ్యగా నేను చూడలేదు."

మెరుపు నిచ్చెన వేసుకుని ఏసీ మూత విప్పాడు. దాని లోపల ఏముంటుందో అతనికి తెలియదు. చూసి కూడా తెలియలేదు. పైనుంచి గదంతా కలియజూస్తూ మెల్లగా కదిపాడు: "ఆ గాజుముక్క ఏం చేస్తుంది అత్తయ్య గారూ?"

పని గురించి అడిగితే మాత్రం ఆవిడ శత్రువుకైనా జవాబిస్తుంది.

"రక్తంలో కణాలు కోట్లు. క్రిములు గుప్పెడు. సంతలో తప్పిపోయిన పిల్లను వెతికినట్టు. అందుకని రక్తాన్ని చిక్కటి ద్రవం మీద పోసి ఆ మెషిన్‌లో నెమ్మదిగా తిప్పుతాం. బరువైన కణాలు అడుక్కి దిగుతాయి, క్రిములు పైన మిగులుతాయి. ఆ పైనీళ్ళని చిప్‌లోకి వదులుతాం. అందులో కాలువలు వెంట్రుక కంటే సన్నం. చివర దడి కట్టి ఉంటుంది. నీరు దాటిపోతుంది, క్రిమి ఇరుక్కుంటుంది. కెమెరా కింద అది పెరుగుతుంటే కళ్ళారా కనిపిస్తుంది. ఒక్కో కాలువలో ఒక్కో మందు. ఏ కాలువలో పెరుగుదల ఆగిందో ఆ మందే రోగికి."

"మరి ఈ మొదటి కాలువ పక్కన ఏదో రాసుంది..."

"అల్లుడు."

"ఆఁ?"

"మా పెంపుడు క్రిమి పేరు. హాని లేదు, ఉపయోగం లేదు. పెట్టింది తింటుంది, లావెక్కుతుంది, వేసినచోట పడుంటుంది. ఎవరి రక్తం పరీక్షించినా మొదటి కాలువలో నా చేత్తో దాన్ని వేస్తాను. పేరు కూడా నేనే పెట్టాను. మీ పెళ్ళయిన ఏడాదే."

మెరుపు నిచ్చెన మీదే నిలబడిపోయాడు. శత్రుదేశపు చెరసాలలో కూడా ఇంత మాట పడలేదు.

మధ్యాహ్నానికి అతని పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది.

"ఏసీ బాగుచెయ్యడానికొచ్చి మీరే వణుకుతారేంటి?" అంది అత్తగారు. "అది ఆపేసి ఉంది."

జవాబు చెప్పబోయి మెరుపు నిచ్చెనతో సహా కిందికొచ్చాడు. నిచ్చెనకి ఏం కాలేదు. ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది. చొక్కా గుండీ విప్పింది. బ్యాడ్జి పిన్ను కింద, ఛాతీ మీద, ఆవగింజంత ఎర్రమచ్చ.

ఆ మచ్చ ఆవిడకి కొత్త కాదు. రాయబారి రక్తం అన్ని ల్యాబులూ తిరిగి చివరికి ఆవిడ దగ్గరికే వచ్చింది, మచ్చ ఫోటోతో సహా, ఆయన పోయాక.

"ఎవరు గుచ్చారు?"

మెరుపుకి ఇప్పుడు అర్థమైంది. రాయబారికి పతకం. జనరల్‌కీ పతకమే అయ్యుంటుంది. తనకి బ్యాడ్జి. కళ్ళు తెరిచి ఉంటే చూసేవాడే. "నెమలి," అన్నాడు నీరసంగా.

"జ్వరం తలకెక్కింది," అంది ఆవిడ. "చెయ్యి ఇవ్వండి."

సిరంజి చూడగానే మెరుపు స్పృహ తప్పాడు. ఆవిడకి అదే సుఖమైంది. చర్మం మీది క్రిములు కలవకుండా మొదటి చుక్కలు పారబోసి, తర్వాతి రక్తం పట్టి మెషిన్‌లో పెట్టింది. పొద్దున కడిగి ఆరబెట్టిన చిప్ ఒకటి తీసి, చిప్‌లు కడిగే వాష్ సీసాలోని ద్రవంతో తడిపి, మొదటి కాలువలో పెంపుడు క్రిమిని, మిగతా వాటిలో మెరుపు రక్తపు పైనీళ్ళను వదిలింది. కెమెరా కింద పెట్టి కూర్చుంది. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే చిరాకు లేదు. దాని బదులు వచ్చింది ఇంకా పదునుగా ఉంది.

మెరుపు కళ్ళు తెరిచేసరికి నెమలి అద్దం తలుపు తోసుకుని గ్లాసుడు నీళ్ళతో లోపలికొచ్చింది.

"పడిపోయాడని అద్దంలోంచి చూశాను మేడమ్. మామూలు ఫ్లూ అయ్యుంటుంది. చిప్‌లో ఏమీ లేదుగా? అన్ని కాలువలూ ఖాళీయేగా? ఆటో పిలిచి ఇంటికి పంపేద్దాం."

అత్తగారు స్క్రీన్ చూస్తోంది. నిజమే. రోగి కాలువలన్నీ నిర్మలంగా ఉన్నాయి. కదిలేది లేదు, పెరిగేది లేదు. ఆవిడ చూపు మెల్లగా అంచుకి జరిగింది.

"అల్లుడేడి?" అంది.

"ఇక్కడే పడున్నాడుగా మేడమ్," అంది నెమలి, నేల మీది శాల్తీని చూపిస్తూ.

"ఆయన కాదు. మొదటి కాలువలో ఉండాల్సినవాడు." ఆవిడ కుర్చీ తిప్పింది. "నా చేత్తో వేసిన క్రిమి. పొద్దున్నుంచి తిని పడుకున్న క్రిమి. అది కూడా లేదు. రోగి కాలువ ఖాళీ అంటే రోగికి ఏమీ లేదని. అల్లుడి కాలువ కూడా ఖాళీ అంటే? ఈ చిప్ అబద్ధమాడుతోందని. దీనితో అబద్ధమాడించడానికి వాష్ సీసాలో ఎవరో క్రిముల్ని చంపే మందు కలిపారని."

నెమలి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఎవరు కలిపుంటారు మేడమ్?"

"సీసాలు వచ్చేది రిసెప్షన్ మీదుగా. పైగా స్క్రీన్ నా వైపు తిరిగుంది అమ్మాయ్. అన్ని కాలువలూ ఖాళీ అని నీకెవరు చెప్పారు?"

నెమలి నవ్వింది. ఆ నవ్వులో సెంటు వాసన కూడా లేదు.

"తప్పు నాదే. పని మరీ శుభ్రంగా చేశాను."

"ఇల్లు ఊడవమంటే పునాది కూడా ఊడ్చేసే రకం నువ్వు," అంది అత్తగారు.

"నెమలీ..." మెరుపు లేవబోయి మళ్ళీ పడ్డాడు. "నువ్వు మన మనిషివి!"

"కందిరీగ రెట్టింపు జీతం ఇస్తుంది, పైగా మీలా మీసాలు పెట్టించదు." ఆమె ట్రే వైపు అడుగేసింది. "ప్లాను చాలా చక్కనిది. చిప్ 'ఏమీ లేదు' అంటుంది. ఈ బిల్డింగ్‌లోనే, దాన్ని చేసినావిడ కళ్ళముందే, ఆవిడ సొంత అల్లుడు జ్వరంతో చస్తాడు. ఆ తర్వాత ఈ గాజుముక్కని ఏ డాక్టరు నమ్ముతాడు? చావు ఇతనిది, నింద చిప్‌ది."

ఆమె చెయ్యి ట్రేలో ఉన్న ఒకే ఒక్క సీల్డ్ ప్యాకెట్ మీద పడింది. మిగతా చిప్‌లన్నీ పొద్దున ఆ కల్తీ ద్రవంతో కడిగినవే. శుభ్రంగా మిగిలింది అదొక్కటే. దాన్ని ఎడమచేత్తో తీసుకుంది. కుడిచేత్తో గౌను జేబులోంచి ఇంకో బ్యాడ్జి తీసింది. పిన్ను మెరిసింది. మెరుపు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు.

"ఇది మీ కోసమే తెచ్చాను మేడమ్. అడ్డం లేవండి."

అత్తగారు అద్దం తలుపుకి అడ్డంగా నిలబడింది. "నేను లేవను. ఆ చిప్ అక్కడ పెట్టు. అది లేకపోతే ఈయన చస్తాడు."

"మీకేం బాధ? మీకు ఇతనంటే పడదుగా?"

"పడదు," అంది అత్తగారు. "అది నా ఇంటి విషయం. మధ్యలో నువ్వెవత్తెవి?"

వచ్చిన దారి మూసుకుపోయింది. నెమలి పిన్ను ముందుకి చాపి, కళ్ళు ఆవిడ మీంచి తిప్పకుండా, వెనక తలుపు వైపు అడుగులు వేసింది. రిసెప్షన్‌లో పనిచేసే మనిషి. వెనక తలుపులో ఏనాడూ కాలు పెట్టలేదు.

పెన్సిల్ మడమలు రెండూ జిగురు చాపలో దిగబడ్డాయి.

పైశరీరం వెనక్కి వెళ్ళింది, కాళ్ళు రాలేదు. చేతులు రెక్కల్లా కొట్టుకున్నాయి. చిప్ ప్యాకెట్ గాల్లోకి ఎగిరింది, గిరగిరా తిరిగింది, నేల మీద పడుంటే ముక్కలయ్యేది. మెరుపు పొట్ట మీద పడింది. అంతకంటే మెత్తని చోటు ఆ గదిలో లేదు. ఆ రోజు అతను చేసిన గొప్ప సాహసం అదే, కదలకుండా పడుకోవడం.

నెమలి మాత్రం తన చేతి మీదే పడింది. కెవ్వుమంది. బ్యాడ్జి పిన్ను అరచేతిలో దిగి ఉంది.

ఆమె దాన్ని చూసింది. గుచ్చుకున్న చోట ఒక్క రక్తపుబొట్టు పైకొచ్చింది, ఆవగింజంత. ఎంతోమందికి పెట్టిన ఆ చుక్కని తన ఒంటి మీద చూడటం ఆమెకి ఇదే మొదలు.

"దీనికి ఏ మందు?" అంది అత్తగారు.

"తెలీదు!" నెమలి గొంతు మారిపోయింది. "మాకు చెప్పరు. మందు తెలిస్తే బేరం పెడతామని భయం. మేడమ్, ఇద్దరికీ గుచ్చింది ఒకే పెట్టెలో వచ్చిన క్రిమి. ఇతనికి ఏది పనిచేస్తే నాకూ అదే. ఆ చిప్ నడపండి. తొందరగా నడపండి మేడమ్!"

"ఇందాక గాజుముక్క అన్నావు."

"మేడమ్!"

"అరవకు. ఊపిరి కాలువల్లో పడుతుంది."

అప్పటికే ఆవిడ చేతులు పనిలో పడ్డాయి. వాష్ సీసా పారబోసింది. బీరువాలోంచి కొత్త సీసా తీసి సీలు చూసి మరీ విప్పింది. మొదటి కాలువలో అల్లుడు. తర్వాతి కాలువల్లో అల్లుడి రక్తం. ఒక్కో కాలువకి ఒక్కో మందు.

"నేను చచ్చినా ఒకటి మాత్రం ఆగదులే," అంది నెమలి, చాప మీద కూర్చుని, ఏడుపుకీ పంతానికీ మధ్య. "ఇంకో పిన్ను సభకి వెళ్ళిపోయింది. మీ పెద్దాయన ఛాతీ మీదికి. ఇప్పుడే, ఈ నిమిషంలోనే. పెట్టేది మా బాస్."

మెరుపు పెదాలు కదిలాయి. అత్తగారు వంగి వింది.

"మడమ... చాపలో నా బూటు మడమ... నొక్కి మాట్లాడండి..."

"బూటులోకి మాట్లాడాలా?"

"కోడ్... చెప్తేనే... ఆయన వింటాడు..."

"ఏం కోడ్?"

మెరుపు కళ్ళు మూసుకున్నాడు. సూది లేకుండా మూసుకోవడం అదే మొదటిసారి. "మా అత్తగారు దేవత."

అత్తగారు నిటారుగా నిలబడింది. "ఎవరి అత్తగారు?"

"మీరు అంటే... మీ అత్తగారు అవుతుంది."

"మా అత్తగారా!" ఆవిడ గొంతుకి బీరువాలో సీసాలు గల్లుమన్నాయి. "నేను ఈ చదువు చదువుతానంటే పురుగుల్ని పెంచుకునే కోడలు నాకు వద్దని తిండి మానేసింది. ఆవిడ పోయేదాకా నా చేతి మంచినీళ్ళు ముట్టలేదు, క్రిములుంటాయని. ఆవిడ దేవతా? ఇంకేదైనా చెప్పండి. మీరు దేవుడని అనమన్నా అంటాను!"

"ఒక... ప్రాణం... అత్తయ్య గారూ."

ఆవిడ జిగురు చాప పైపొర ఒలిచింది. మడమ ఊడి వచ్చింది. దాన్ని నోటిముందు పెట్టుకుని, జీవితంలో మింగిన చేదంతా ఒక్కసారి కక్కుతున్నట్టు మొహం పెట్టింది.

అదే సమయానికి పూలదండలు కట్టిన వేదిక మీద పెద్దాయన నిలబడి ఉన్నాడు. బంగారు కళ్ళద్దాల పెద్దమనిషి ఒకడు, సభ జరిపిస్తున్న సంఘానికి అధ్యక్షుడట, చిరునవ్వుతో పతకం పట్టుకుని దగ్గరికొచ్చాడు. పిన్ను కోటు బట్టలో దిగింది. బనియన్‌ని తాకింది. అప్పుడు వినికిడి యంత్రంలో ఒక ఆడగొంతు పళ్ళు నూరుతూ వినిపించింది:

"మా... అత్తగారు... దేవత. విన్నారా? రెండోసారి అనను!"

పెద్దాయన కొయ్యబొమ్మయ్యాడు. బొమ్మ చెయ్యి మాత్రం లేచి అధ్యక్షుడి మణికట్టు పట్టుకుంది. చప్పట్లు మధ్యలో ఆగాయి.

"నాకు కాదు," అన్నాడు పెద్దాయన, ఆ పతకాన్ని మెల్లగా అతని ఛాతీ వైపే తిప్పుతూ. "ఈ గౌరవం తమకే దక్కాలి."

బంగారు కళ్ళద్దాలు చెమటలో జారిపోయాయి. అంతమంది ముందు ఒక అధ్యక్షుడు పతకాన్ని చూసి వేదిక దిగి పరుగెత్తడం జనం అదే మొదటిసారి చూశారు. గేటు దాటలేదనుకోండి.

ల్యాబ్‌లో అత్తగారు స్క్రీన్ ముందు కూర్చుంది. మొదటి కాలువలో అల్లుడు హాయిగా పెరుగుతున్నాడు. అంటే చిప్ నిజమే చెబుతోంది. రెండో కాలువలో రాక్షసి క్రిమి పెరుగుతోంది. మూడో దాంట్లోనూ పెరుగుతోంది. కొత్త మందులు, ఖరీదైన మందులు, వేటినీ అది లెక్కచెయ్యట్లేదు. నేల మీద మెరుపు ఊపిరి బుస్సుమంటోంది. చాప మీద నెమలి తన చెయ్యి తనే పట్టుకుని "ఏమైంది మేడమ్, ఏమైంది?" అని అడిగిందే అడుగుతోంది.

చివరి కాలువ మిగిలింది. అందులో ఇప్పుడెవరూ రాయని పాత మందు వేసిందావిడ. డాక్టర్లు దాన్ని మరిచిపోయి చాలాకాలమైందని అందరూ నవ్వినా మానకుండా ప్రతిసారీ వేస్తుంది. ఆ కాలువలో క్రిములు ఇరుక్కున్నచోటే ఉన్నాయి. ఒక్కటీ రెండు కాలేదు. కాసేపు చూసేసరికి ఒక్కొక్కటే పగిలి మసకబారిపోయాయి.

ఆవిడ కింది అంతస్తు ఆసుపత్రికి ఫోన్ చేసి మందు పేరు ఒక్కటే చెప్పి పెట్టేసింది. మందు పైకి రాగానే సిరంజి తీసింది.

"సూది వద్దు," అన్నాడు మెరుపు, స్పృహలో మిగిలిన ఆఖరి ముక్కతో.

"నోరు మూసుకోండి," అంది అత్తగారు. "కళ్ళు కూడా."

జ్వరం తగ్గాక ఆసుపత్రి గదికి ఆవిడ చూడటానికి వచ్చింది. చూడటానికంటే తనిఖీకి వచ్చినట్టు ఉంది. నెమలి పక్క గదిలో బతికే ఉంది, తలుపు దగ్గర కాపలాతో. చిప్ అన్ని ఆసుపత్రులకీ వెళుతోంది. మెరుపు భార్య గంజి తేవడానికి కిందికెళ్ళింది.

"అమ్మాయికి ఏమీ చెప్పలేదు," అంది అత్తగారు, కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చుంటూ. "పంపులు అమ్ముతారనే అనుకోనీ. చేతకాని భర్త ఉన్నాడంటే నిద్రపడుతుంది. చచ్చిపోయేలా ఉన్నాడంటే పట్టదు."

"థాంక్స్ అత్తయ్య గారూ."

"నాకెందుకు? మీకేమన్నా అయితే అది నా ఇంటికొచ్చి కూర్చునేది." సెలైన్ సీసా మీది చీటీ చదివి చూసింది. "అన్నట్టు, మొదటి కాలువ క్రిమికి పేరు మార్చేశాను. పాపం, నోట్లో నాలుక లేని జీవి. నమ్మకంగా పనిచేసింది. దానికి ఆ పేరు అన్యాయం."

మెరుపు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి.

"మీ రక్తంలోంచి తీసిన రాక్షసి ఉందిగా, దాన్ని సీసాలో భద్రం చేశాం. ఎవరు ఎన్ని చెప్పినా లొంగదు. ఎప్పుడు ఎక్కడ తేలుతుందో తెలీదు. మనిషి రక్తం పీలుస్తుంది. ఇకమీదట 'అల్లుడు' అంటే అదే."

ఆవిడ వెళ్ళిపోయాక మెరుపు దిండుకి చేరగిలబడి చాలాసేపు ఆలోచించాడు. ఏ హానీ చెయ్యని క్రిమి నుంచి మందులకి లొంగని రాక్షసి దాకా. సర్వీస్‌లో చేరాక అతనికి వచ్చిన మొదటి ప్రమోషన్ అదే.